చుట్టరికం కలిపే పలక

రెండువేల తొంభై నాలుగు నాటికి ఆకాశం పంపకాలై ముప్ఫై ఏళ్ళు గడిచాయి. నేలమీది సరిహద్దుల్ని జనం ఎప్పుడో మరిచిపోయారు గానీ, గాలిని మాత్రం గజాల లెక్కన కొలిచి పంచుకున్నారు. బొబ్బిలి మీది గాలి ‘కెరటం’ అనే క్యారియర్‌ది. రామభద్రపురం దాటితే ‘డేగ’ది. ఆనందపురం నుంచి విశాఖ సముద్రం దాకా ‘పిడుగు’ది. కెరటం వాళ్ళ పలక డేగ గాలిలోకి అడుగు పెడితే నల్లబడి ఊరుకుంటుంది. పలకంటే బలపంతో దిద్దేది కాదు. మన తాతల నాటి టాబ్లెట్టే, కాస్త మాటకారి. దాని కడుపులో క్యారియర్ లాక్ అనే తాళం ఒకటి ఉంటుంది. ఆ తాళం పుణ్యమా అని పెళ్ళి సంబంధాల్లో ముందు క్యారియర్ కలిసిందా అని చూసి, ఆ తర్వాతే జాతకాలు తిరగేసేవారు. డేగ ఇంటికి కోడలుగా వెళ్ళిన కెరటం పిల్ల అమ్మతో మాట్లాడాలంటే సరిహద్దు దాకా నడిచి రావాలి మరి.

మజ్జి తవిటయ్యకి మాత్రం ఇబ్బందల్లా గుండెతోనే. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఉద్యోగమంతా కెరటం టవర్లు ఎక్కడంలోనూ దిగడంలోనూ అయిపోయింది. సొంత గుండె ఆరేళ్ళ కిందట మొరాయిస్తే యంత్రగుండె పెట్టారు. దానికి బలం ఉంది గానీ బుద్ధి లేదు. ఎప్పుడు గట్టిగా కొట్టుకోవాలో, ఎప్పుడు నిదానించాలో ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్ లెక్క కట్టి పంపుతుంది. ఒళ్ళోని పలక ఆ లెక్కని అందుకుని గుండెకి చెబుతుంది. లెక్క అందకపోతే గుండె తన నిల్వతో పదకొండు నిమిషాలు కొట్టుకుంటుంది. పన్నెండో నిమిషం లేదు. అందుకే తవిటయ్య ఆరేళ్ళుగా రామభద్రపురం పొలిమేర దాటలేదు.

ఆ ఉదయం గుండె కవాటం పగులిచ్చింది. సాయంత్రంలోగా మార్చాలి. మార్చేవాళ్ళు విశాఖలోనే ఉన్నారు. క్యారియర్ మారుద్దామా అంటే పాతది వదిలి కొత్తది అందుకోవడానికి మూడు రోజుల గడువు.

అప్పుడు అతని మేనకోడలు డాక్టర్ లెంక హైమావతి తన ప్రయోగశాల బీరువా తెరిచింది. రెండేళ్ళుగా ఆమె తయారుచేస్తున్న తాళం లేని పలక అందులో ఉంది. ఏ టవరు ఏ తరంగంలో పలికితే అదే తరంగంలో బదులిచ్చే రేడియో, ఏ క్యారియర్ సిమ్‌గానైనా మారిపోయే మాయసిమ్ దాని సొత్తు. గుండెల్ని మోసే యంత్రం అబద్ధమాడితే కొంపలు మునుగుతాయని, నిజం తప్ప పలకకుండా హైమావతి దాని లోపల ఒక కట్టడి చిప్పు బిగించింది.

“నిజం టవరు మీద దీన్ని ఇంకా పరీక్షించలేదు మావా,” అంది.

“మరేటి, నామీదే పెట్టి సూడు. నాను పోతే నీ పరీచ్చ తప్పినట్టు. బతికితే పేసైనట్టు. మార్కులు దిద్దీవోడితో పన్నేదు,” అన్నాడు తవిటయ్య.

ఇద్దరూ తీగబస్సు ఎక్కారు. ఆకాశంలో కట్టిన ఉక్కుతీగ మీద జారుతూ పోయే బస్సు అది. బయల్దేరితే స్టేషన్లోనే ఆగుతుంది. మధ్యలో బ్రహ్మదేవుడు చెయ్యెత్తినా ఆగదు.

రామభద్రపురం దాటగానే పలక తెర మీద అంకె వెలిగింది: పదకొండు. డేగ టవరు తలుపు తట్టింది పలక. ఈ కాలపు టవర్లలో కృత్రిమబుద్ధి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళ ఫోన్లు వింటూ పెరిగిన బుద్ధి. జనం ఎలా మాట్లాడితే అవీ అలాగే మాట్లాడతాయి. అంతే తీరిగ్గానూ.

“ఎవల తాలూకే నువ్వు?” అంది డేగ టవరు, పలకలోంచి.

“ఎవరి తాలూకూ కాదండి. తాళం లేని పలకని. పెద్దాయన గుండె నా మీద ఆధారపడి ఉంది.”

“ఎవల తాలూకూ కానిదాన్ని ఎవల పూచీ మీద రానిమ్మంతావు?”

లైను తెగింది. హైమావతి సంకేతపదాలు కొట్టింది. మాయసిమ్ తిరగేసింది. ఎనిమిది. ఏడు. ప్రయోగశాలలో మూడు బొమ్మ టవర్లూ ఒక్కమాటకే ఒప్పుకున్నాయి. వాటిని ఏ ఊరూ పెంచలేదన్న సంగతి ఆమెకి ఇప్పుడు తట్టింది. ఐదు.

“తప్పు నీదేనే గుంటా,” అన్నాడు తవిటయ్య, చెమట తుడుచుకుంటూ. “ఎవల తాలూకూ కాదంతే ఈ దేశంలో మంచినీల్లయినా పోస్తారేటి? సుట్టరికం కలపమను.”

“యంత్రాలకి చుట్టరికం ఏంటి మావా!”

“యేల నేదు? దాని పెట్టెలో సిప్పులు ఏ ఫేట్రీవో అడగమనీ, బేగి!”

పలక మళ్ళీ తలుపు తట్టింది. “అక్కా, మీ చిప్పులు ఎక్కడివి?”

“తడ కాడివి. నాలుగో లైను. ఏమే?”

“నేనూ తడలోనే పుట్టాను. ఆ నాలుగో లైనులోనే. మీ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళకి.”

“ఓలమ్మోలమ్మ! నా సొంత సెల్లివి కాదేటే! ఆ ముక్క ముందు సెప్పొద్దా? రా, రా!”

తెర మీద ఐదు గీతలూ నిండాయి. అప్పటికి నిల్వ రెండు నిమిషాలకి దిగింది. గుండె ఒక్కసారి గుక్కపట్టి, మళ్ళీ దారిలో పడింది. హైమావతి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

గజపతినగరం, విజయనగరం దాటేదాకా డేగ టవర్లు పలకని చంకనెత్తుకుని మోశాయి. ఒక టవరు వదిలి ఇంకో టవరు అందుకోవడాన్ని ఇంజనీర్లు హ్యాండాఫ్ అంటారు. మన వాళ్ళు అప్పగింత అని పేరు పెట్టుకున్నారు. ఆనందపురం దగ్గర ఆ అప్పగింత వేళకి పేచీ వచ్చింది.

“పిడుగోల్ల గాల్లోకా? ఆలు మంచోల్లు కారే. నానొగ్గను,” అంది డేగ ఆఖరి టవరు.

ఏడు నిమిషాలు పట్టి గుంజింది. పిడుగు వైపు పలకని తల తిప్పనివ్వలేదు. బస్సు మాత్రం పోతూనే ఉంది. చివరికి డేగ గొంతు దూరమై, సన్నగిల్లి, మాయమైంది. పదకొండు. విశాఖ స్టేషన్‌కి ఇంకా ఇరవై నిమిషాలు.

“అక్కా, మాది తడ, నాలుగో లైను—” మొదలెట్టింది పలక.

“నాకంతా తెల్సు. ఇంతసేపూ ఆ డేగదాని ఒల్లో కూకుని వొచ్చినావు. దాని సెల్లివి నాకేటవుతావు? పో!”

తొమ్మిది. ఏడు. హైమావతి పలకని నోటి దగ్గర పెట్టుకుని తనే బతిమాలింది. “లోపల మనిషి ప్రాణం పోతుందమ్మా!”

“అందరూ అదే సెప్తారు,” అంది పిడుగు టవరు.

పక్కవాళ్ళ పలకలోంచి అంతర్జాలం పంచుకోవడాన్ని క్యారియర్లు ఎప్పుడో మాన్పించాయి. బస్సులో జనం జాలిగా చూశారు. ఆ జాలి గుండెకి పనికిరాదు. నాలుగు. నిల్వ పొదుపు చెయ్యడానికి యంత్రగుండె నిదానించింది. తవిటయ్య పెదవులు నల్లబడ్డాయి. మేనకోడలి మణికట్టు వెతికి పట్టుకున్నాడు.

“పోతే… సంచీలో పల్లసెట్టుంది. ఎట్టి ఫొటో తియ్యి. బోసినోరు బాగోదు.”

“నోరు మూసుకో మావా!” అని ఏడ్చింది హైమావతి.

రెండు. ఒకటి. తెర ఎర్రబడి సెకన్లు లెక్కపెట్టసాగింది. యాభై. నలభై.

“డాక్టరుగారూ,” అంది పలక, “నేను అబద్ధం చెప్పలేను. జరిగింది జరిగినట్టు చెప్పొచ్చా?”

“ఏదో ఒకటి చెప్పవే!”

పలక గొంతు తగ్గించింది. “అక్కా, నీతో అనకూడదు గానీ… ఆ డేగ ఉంది చూడూ…”

పిడుగు లైను తెంచబోయి ఆగింది. ముప్ఫై. ఇరవై ఐదు.

“…ఏటి దానికి?”

“నన్ను నీ దగ్గరికి రానివ్వకుండా ఏడు నిమిషాలు గుంజిందక్కా. నీ గురించి ఏమందో తెలుసా? వద్దులే. లైను బలంగా లేదు, సగం మాటలు పోతాయి.”

“లైను సంగతి నాకొగ్గీ!”

ఐదు గీతలు నిండాయి. ఎప్పుడూ చూడని ఆరో గీత కూడా పక్కన మొలిచింది. పదకొండు సెకన్లు మిగిలి ఉండగా గుండెకి లెక్క అందింది.

“ఇప్పుడు సెప్పే,” అంది పిడుగు టవరు. “మొదట్నించీ సెప్పు.”

విశాఖ చేరేదాకా పలక చెబుతూనే ఉంది. ఒక్క అబద్ధం లేదు. నిజాల్నే ఒక వరసలో పేర్చింది, అంతే. దారిలో ప్రతి పిడుగు టవరూ ముందు టవరు దగ్గర్నుంచి కథ అందుకుని, “ఆ తర్వాత?” అంటూ బస్సుకి ఎదురొచ్చింది.

సాయంత్రానికి కవాటం మార్చారు. మూడో రోజు తవిటయ్య మంచం మీద లేచి కూర్చుని, నర్సు చీర రంగు బాగోలేదని చెప్పే స్థితికి వచ్చాడు. హైమావతి పక్కనే కూర్చుని పరిశోధన పత్రం రాస్తోంది: ‘మూడు క్యారియర్ల మీద పనిచేసిన మొట్టమొదటి పలక.’

“డాక్టరుగారూ, ఇంటికి వెళ్ళడం డేగ గాలి మీదుగానే కదా?” అంది పలక.

“ఇంకో దారేది?”

“పిడుగు అంతా డేగకి చెప్పేసింది.”

హైమావతి కలం ఆగింది. “వాళ్ళిద్దరికీ మాటల్లేవు కదే!”

“పైకి లేవు. నేలలోని పాత తీగ మీద కెరటం మధ్యలో ఉండి ఇటువి అటూ అటువి ఇటూ చేరవేస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా. నాతో చెప్పిందీ అదే.”

గుండె తెర మీద గీత పైకి లేచింది. “ఓలమ్మ! నన్ను డేగది సంపీసినట్టేనేటి?” అన్నాడు తవిటయ్య.

“ఉపాయం ఉంది. డేగ దగ్గర పిడుగు గురించి చెప్పాలి. కానీ పిడుగు మనకి సాయమే చేసింది. మొదట పొమ్మంది గానీ, దారంతా చెప్పుకోవడానికి ఆ ఒక్క నిజం చాలదు. నేనేమో నిజం తప్ప చెప్పలేను.”

తవిటయ్య మేనకోడలి వైపు చూశాడు. ఆమె పరిశోధన పత్రం మూసింది. లేచి గది తలుపు వేసింది. పలకని ఒళ్ళోకి తీసుకుని, వెనక మూతకున్న నాలుగు మరలూ ఒక్కొక్కటే విప్పి, రెండేళ్ళ కిందట తను ఎంతో జాగ్రత్తగా బిగించిన ఆ కట్టడిని ఊడదీసి బల్ల మీద పెట్టింది.

“ఊఁ,” అంది, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. “ఇప్పుడు ఇద్దరూ వినండి. పిడుగు ఏమందంటే…”