మనవాడివేనా అని అడిగే గది

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊరి దగ్గర కొండ మీదున్న ఆ ఫంక్షన్ హాల్లో, వెనకవైపు ఒక రాతి గది ఉంది. దాంట్లోకి ఒంటరిగా ఎవరూ వెళ్ళరు. చలికాలం కోట్లు పెట్టుకోవడానికి అంత వీలైన చోటు ఇంకొకటి లేదు. అయినా కోట్లన్నీ బయట కుర్చీల మీదే గుట్టగా పడుంటాయి.

వెళ్తే... ఎవరో అడుగుతారట. గుమ్మం దాటగానే, చెవి పక్కన, గుసగుసగా –

'మనవాడివేనా?'

హాల్ ఊడ్చే మెక్సికో ఆడవాళ్ళకి స్పానిష్‌లో వినపడుతుందట. మనకి తెలుగులో. దెయ్యానికి ఇన్ని భాషలెలా వచ్చాయని నవ్వకండి. ఆ ప్రశ్న ఏ భాషలో అడిగినా కంపు ఒకటే. మన ఫంక్షన్లలోనే చూడండి – ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత గొంతు తగ్గించి ఇదే మాట.

ఆ గది అసలు అమెరికాది కాదు. వందేళ్ళ కిందట ఎవరో కోటీశ్వరుడు ఐర్లండ్‌లో పాడుబడ్డ కోటని కొని, రాయి రాయీ విప్పించి ఓడలో తెప్పించుకున్నాడు. రాళ్ళతో పాటు ఇంకేం వచ్చిందో చూసుకోలేదు మహానుభావుడు.

నేను తెనాలిలో డిగ్రీ పిల్లలకి హిస్టరీ చెప్పి రిటైరైనదాన్ని. నాలుగొందల ఏళ్ళ కిందటి ఎలిజబెత్ రాణి మీద ఐర్లండ్‌లో తిరుగుబాట్లు లేవడం, వాటిని అణిచాక ఆవిడ అధికారులు అక్కడి భూముల మీద ఈగల్లా ముసరడం నేను చెప్పిన పాఠాలే. ఈ హాల్ మేనేజర్ చెప్పే కథ మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

తిరుగుబాటు చల్లారింది. తిరగబడ్డవాళ్ళలో కొందరు చచ్చారు, మిగిలినవాళ్ళు అడవుల్లోకి పారిపోయారు. వాళ్ళ భూములన్నీ పంచేసుకున్నాక, గెర్వేస్ అనే అధికారి ఆలస్యంగా దిగాడు. అతని వాటాకి ఏమీ మిగల్లేదు. ఉన్నవల్లా రాణికి నమ్మకంగా నిలబడ్డవాళ్ళ భూములే... వాటిని లాక్కోవడం ఎలా?

వాళ్ళని విందుకి పిలిచాడు. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కడినీ అడిగాడు – 'మనవాడివేనా?'

'మనవాణ్ణే ప్రభూ!'

'అయితే ఒక ద్రోహి పేరు చెప్పు.'

ఒకడు పక్కింటివాడి పేరు చెప్పాడు. ఒకడు బావమరిది పేరు. ఇంకొకడు సొంత తమ్ముడి పేరు చెప్పి, చేతులు తుడుచుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు. అందరూ వచ్చాక గెర్వేస్ తలుపులు మూయించాడు. 'ద్రోహులెవరో మీకెలా తెలుసు? అంటే మీరూ వాళ్ళలో వాళ్ళేగా!' అని ఆ గది దూలానికే అందర్నీ ఉరి తీయించాడు. ఆ భూములన్నీ తన పేర రాయించుకుని, రాణిగారికి మాత్రం విధేయుడిగానే బతికాడు.

ఛీ! చంపినవాడు వెధవా, చచ్చినవాళ్ళు వెధవలా అని ఇప్పటికీ తేల్చుకోలేను.

ఇక దివాకర్ సంగతి.

దివాకర్, అతని భార్య చంద్రిక, మా అమ్మాయి స్రవంతి – ముగ్గురూ పద్మనాభం కన్సల్టెన్సీలోనే పనిచేస్తున్నారు. పద్మనాభం ఇక్కడి తెలుగువాళ్ళకి పెద్దమనిషి. రెజ్యూమేల్లో లేని ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాడు. కాదంటే వీసా పోతుంది జాగ్రత్త అంటాడు. విసిగిపోయి కొందరు ఈమధ్య గవర్నమెంట్‌కి కంప్లైంట్ పెట్టారు, పేర్లు లేకుండా. వాళ్ళలో మా స్రవంతి ఉంది, అనుదీప్ అనే కుర్రాడున్నాడు. పేర్లు బయటపడితే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఈ దేశంలో ఉండే వీలూ పోతుంది.

దివాకర్‌కి ఆ పేర్లు తెలుసు. అతని డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చునే రాశారు మరి.

పద్మనాభం మనవరాలి ఓణీల ఫంక్షన్ ఆ హాల్లోనే. ముందురోజు దివాకర్‌కి ఫోన్ చేశాడు. "ఫంక్షన్లో ఆ వెనక రూమ్‌కి రావయ్యా. ఎవరూ రారు, ప్రైవేట్‌గా మాట్లాడుకుందాం. నీ గ్రీన్ కార్డ్ ఫైలింగ్ సంగతి నేను చూసుకుంటాగా."

ఆ తర్వాత జరిగింది చంద్రిక నాకు మా వంటింట్లో కూర్చుని చెప్పింది. దివాకరే ఆమెకి చెప్పాడట.

డిసెంబర్ కదా, ఐదింటికే చీకటి. హాల్లో డీజే మోత మోగిపోతోంది. దివాకర్ ఎవరి కంటా పడకుండా వెనక గదిలోకి దూరాడు. స్విచ్ కోసం గోడ తడుముతున్నాడు... వెనకాల తలుపు మూసుకుంది.

డీజే మోత ఆగిపోయింది. ఒక్కసారిగా – చెవులు మూసినట్టు.

గదంతా తడిసిన కంబళి వాసన. చలి.

'మనవాడివేనా?'

పద్మనాభమే అనుకున్నాడు. "మనవాణ్ణే సార్" అన్నాడు, వినయంగా.

'అయితే చెప్పు.'

"స్రవంతి... అనుదీప్..."

ఎంత సులువుగా చెప్పాడో! పోయిన ఆదివారం నా చేతి పెసరట్లు తిని, ఆంటీ ఇంకోటి వెయ్యండి అన్న నోరది.

చీకట్లో ఎవరో ఊపిరి పీల్చారు. ఒకరు కాదు... చాలామంది. తల పైనుంచి.

'అంతేనా?'

"అంతే సార్."

'మనవాడివై ఉండి... ఒకటి దాచావేం?'

దివాకర్ ఫోన్ లైట్ వేశాడు. ఎదురుగా ఎవరూ లేరు. లైట్ పైకెత్తాడు.

కాళ్ళు. దూలం పొడుగునా వేళ్ళాడుతున్న కాళ్ళు... మెల్లగా, ఒక్కొక్క జతే, అతని వైపు తిరుగుతున్నాయి.

తలుపు ఎలా తీశాడో అతనికే తెలియదు. పార్కింగ్ లాట్ దాకా పరుగే పరుగు. అక్కడ పద్మనాభం చేతిలో పూలదండల కవర్లతో అప్పుడే కార్ దిగుతున్నాడు.

"సారీ అబ్బాయ్, ఎడిసన్ వెళ్ళి దండలు తెచ్చేసరికి ఈ వేళైంది. అంతా ట్రాఫిక్కే. ఏంటలా చెమటలు పట్టాయి? రా, కార్‌లో కూర్చుందాం" అంటూ భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు. "నువ్వు మనవాడివేగా?"

చంద్రిక అక్కడ ఆగింది. కాఫీ మీద మీగడ కట్టింది, తాగలేదు.

"పోనీలే అమ్మా" అన్నాను ఆశగా. "దెయ్యం మేలే చేసిందన్నమాట. ఆ భయానికి నోరు పెగిలి ఉండదు."

"స్రవంతిని జాగ్రత్తపడమని చెబుదామనే వచ్చానాంటీ. ఈ వారంలోనే ఉద్యోగంలోంచి తీసేస్తారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ కాళ్ళు చూసొచ్చి కూడానా? మళ్ళీ ఆ రెండు పేర్లూ చెప్పాడా?"

"రెండు కాదాంటీ." చంద్రిక తలెత్తి నా వైపు చూసింది. "దాస్తే పైనున్నవాళ్ళు ఊరుకోరని భయమేసిందట. ఈసారి నా పేరే ముందు చెప్పాడు."