పిప్పి మీద పొర

తెల్లారేసరికి ఇల్లంతా పులిసిన వాసన. కూతురు వెనక గదిలో తొట్టె మీద కప్పిన గుడ్డ తీసి చూసి నీరుగారిపోయింది. వైన్ ఫ్యాక్టరీలో ద్రాక్ష పిండగా మిగిలిన పిప్పిని తెచ్చి, మరిగించి, వడకట్టి, చల్లారాక ఆ నీళ్ళలో సూక్ష్మజీవులను వదిలింది. అవి పైన తోలులాంటి పొర నేస్తాయి. తీరా చూస్తే మళ్ళీ పొర మునిగిపోయి ఉంది. పైన ఉల్లిపొర మందాన ఇంకొకటి.

"అమ్మా, తొట్టె కదిలించావా?"

"నీ గది గడప తొక్కితే ఒట్టు! ఆ కంపుకి పిల్లి కూడా ఇటు రావడం మానేసింది."

తండ్రిది అదే ఫ్యాక్టరీలో వైన్ తొట్ల దగ్గర పని. చొక్కా గుండీలు పెట్టుకుంటూ అందుకున్నాడు. "లోకం పారేసేది నువ్వు ఇంటికి మోసుకొస్తున్నావు. నెలాఖరుకి నీ తోలు చూడ్డానికి వస్తానన్న ఆ బ్యాగులు కుట్టేవాడికి ఏం చూపిస్తావు, ఈ మీగడా?"

"చూపించలేకపోతే ఇదంతా కట్టిపెట్టి, నువ్వన్నట్టే సీసాలకు లేబుళ్ళు అంటించే పనిలో చేరతా. సరేనా?"

"మాట మీద ఉండు."

మర్నాడు పొద్దున్నే తలుపు తోసిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. తండ్రి తొట్టె మీదకు వంగి, చెక్క గరిటెతో పొరను మెల్లగా కిందికి నొక్కుతున్నాడు.

"నాన్నా! నువ్వా? నా పని మట్టికొట్టుకుపోవాలని ఇంత పంతమా?"

"పంతమేంటే? కాపాడుతుంటే! వైన్ తొట్లలో పైకి తేలిన ద్రాక్ష తొక్కను రోజూ ముంచకపోతే బూజు పడుతుంది. ఇన్నేళ్ళుగా చేస్తున్న పని నాకు తెలీదా? నీకు పెందలాడే మెలకువ రాదని నేనే ముంచుతున్నా."

కూతురికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "అది మీ తొట్లలో నాన్నా. వీటికి గాలి కావాలి. కదలకుండా తేలితేనే పొర మందమవుతుంది."

"అయితే... ఇన్నాళ్ళూ పాడుచేసింది నేనేనా?"

"బావుంది వరస," అంది తల్లి వెనక నుంచి. "నోటితో తిట్టడం, చాటుగా సాకడం. ఏం మనిషివయ్యా!"

చదువు లేనివాడి ప్రేమ మాటగా రాదు, పనిముట్టు పట్టుకునే వస్తుంది. ఒక్కోసారి నెత్తి పగలగొడుతుంది కూడా.

ఆ రోజు నుంచి ఆ గది తలుపు గట్టిగా వేసినవాళ్ళకి మూడినట్టే. తల్లి తుమ్మినా తండ్రి "మెల్లగా!" అని కసిరేవాడు.

నెలాఖరుకి బ్యాగులు కుట్టే ఆయన వచ్చాడు. ఆరిన వంగపండు రంగు పొరను మడిచాడు, నలిపాడు, సూదితో కుట్టి చూశాడు. "తోలు కాదంటే నా కళ్ళే నమ్మవు. ఎంత చేస్తే అంత నాకే ఇవ్వమ్మా."

"ఆగండి," అన్నాడు తండ్రి. పీపాలు దొర్లించిన చేతులతో ముక్క అందుకుని, పళ్ళు బిగబట్టి లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. చిరగలేదు. "రావే, ఆ కొస పట్టుకో!" మొగుడూ పెళ్ళాం చెరోవైపు లాగారు. తల్లి కాలు జారి కూలబడింది గానీ పొర పీలిక కాలేదు.

తండ్రి రొప్పుతూ కూతురి వైపు చూశాడు. కళ్ళు నిండిపోయాయి.

"ఓడిపోయానమ్మా!" అని వీధంతా వినేలా అరిచాడు. బతుకంతా ఓడిన మనిషే. ఆ మాట నవ్వుతూ అనడం ఇంట్లోవాళ్ళు అప్పుడే విన్నారు.