చెప్పులు తీయబడినవి

శనివారం ఉదయం ఆరింటికి కోల్డ్ స్టోరేజీ మూడో గది తలుపు తీశారు. లోపల పళ్ల పెట్టెల పక్కన హమాలీ చనిపోయి ఉన్నాడు. గడియ బయట వేసి ఉంది. లోపలి నుంచి తీసే పిడి పాడై చాలాకాలమైంది.

కాసేపటికి వాచ్‌మన్ భార్య మాస్టారి గుమ్మంలో నిలబడింది. మాస్టారు వ్యాకరణం చెప్పి రిటైరై, ప్రైవేటుగా కేసులు చూస్తున్నారు. పక్కనున్న శిష్యుడు ఒకప్పుడు ఆయన చేతి బెత్తం రుచి చూసినవాడే. ఇప్పుడు ఆయన గీసిన గీత దాటడు.

"గడియ వేసింది మా ఆయనే బాబుగారూ. గుమ్మంలో చెప్పులు లేవనే వేశాడు. సాయంత్రానికి అరెస్టు చేస్తారట. మీరే దిక్కు."

అక్కడి పద్ధతి అది. లోపలికెళ్లే మనిషి చెప్పులు గుమ్మం ముందు విడిచి గమ్ బూట్లు తొడుక్కుంటాడు. చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టే. గడియ వేసే వేళకి వాచ్‌మన్ చూసేది వాటినే.

కోల్డ్ స్టోరేజీలో మేనేజర్ తన రిపోర్టు చేతికిచ్చాడు. శిష్యుడు పైకి చదివాడు. "తలుపు మూయబడినది. గడియ వేయబడినది. చెప్పులు అరలో కనుగొనబడినవి. అన్నీ 'బడి'నవే మాస్టారూ. చేసినవాడొక్కడూ లేడు."

"అది తప్పు కాదురా. చేసిందెవరో తెలియనప్పుడు అలాగే రాయాలి. మనమూ అలాగే మొదలుపెడదాం. చెప్పులు తీయబడినవి. ఎవరి చేత? అది తేలాక వాక్యం తిరగరాయాలి. తేలాక కూడా అలాగే ఉంచితే అది దాచడం."

"నిన్న ఓనరుగారు వచ్చారు," అన్నాడు మేనేజర్. "వారి వెంట తిరగడమే సరిపోయింది. మూడో గది వైపు తొంగి కూడా చూడలేదు." కళ్లజోడు తీసి దాని పెట్టెలో పెట్టి జేబులో వేసుకోబోయాడు. పెట్టె మూత మీద పచ్చ మరక ఉంది. శిష్యుడు చూశాడు గానీ పట్టించుకోలేదు.

నేల తుడిచే అవ్వ వసారాలో ఉంది.

"చెప్పులు నువ్వు గానీ సర్దావా అవ్వా?" అనడిగాడు శిష్యుడు.

"నేనెందుకు సర్దుతాను నాయనా? ఓనరు వస్తున్నాడని నిన్న మధ్యాహ్నం ఈ గది గుమ్మం ముందు పచ్చరంగు గీత వేయించారు. తడారలేదు, అటు రావద్దని కసిరారు. రాలేదు."

"మరి చెప్పులు అరెక్కాయే!"

"కాళ్లు మొలిచాయేమో. నన్నడుగుతావేం?"

మాస్టారు అరలోంచి హమాలీ చెప్పులు తీసి తిరగేశారు. రెండింటి అడుగునా పచ్చరంగు. గుమ్మం ముందు గీత మీద రెండు చోట్ల రంగు లేచిపోయి ఉంది. ఆయన గడియని వేలితో తుడిచి చూశారు. వేలికి ఏమీ అంటలేదు.

మధ్యాహ్నం అందరినీ మూడో గది ముందుకి పిలిచారు. ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు.

"నిన్నేం జరిగిందో నీ మాటల్లో చెప్పు," అన్నారు మాస్టారు వాచ్‌మన్‌తో.

"తలుపు మూసింది నేనే. గడియ వేసింది నేనే," అన్నాడు వాచ్‌మన్. "ఒక్క కేక వేసి ఉండాల్సింది."

భార్య అతని చొక్కా పట్టుకుంది.

మాస్టారు చెప్పులు చూపించారు. "హమాలీ వీటిని తడి గీత మీదే విడిచాడు. ఎత్తిన చేతికి రంగు అంటి తీరాలి. వాచ్‌మన్ ఎత్తి ఉంటే ఆ చేత్తోనే గడియ వేసేవాడు. గడియ మీద రంగు లేదు. అవ్వ బకెట్టుకీ, తుడుపుగుడ్డకీ లేదు. ఒక్క కళ్లజోడు పెట్టె మీద ఉంది. ఇటు తొంగి చూడని మనిషికి ఈ రంగెలా అంటింది?"

మేనేజర్ జేబులోంచి కళ్లజోడు పెట్టె తీసి మూత మీది మరక చూశాడు.

"ఓనరుగారు వచ్చే వేళకి గుమ్మంలో పాతచెప్పులు... చూడ్డానికి బాగుండదని అరలో పెట్టాను. తర్వాత మరిచిపోయాను."

"ఎప్పుడు గుర్తొచ్చింది?"

"పొద్దున. తలుపు తీసినప్పుడు."

"రిపోర్టు రాసింది ఆ తర్వాతేగా?"

"అవును."

మాస్టారు కాగితం, కలం అందించారు. మేనేజర్ రాశాడు: "చెప్పులు నేను తీశాను." కింద సంతకం చేశాడు.

ఐదింటికి ఇన్‌స్పెక్టర్ అతన్ని జీపెక్కించాడు. వాచ్‌మన్ తన భార్యతో కలిసి ఇంటికి వెళ్లాడు. చెప్పుల్ని సాక్ష్యంగా కవర్లో పెట్టి సీలు వేశారు. హమాలీ అన్నయ్య వచ్చి వాటిని అడిగితే, కేసు అయ్యాక ఇస్తామన్నారు.