పన్నెండో నంబరు సీసా

ఆదివారం పొద్దున చిక్కడపల్లి గ్రంథాలయం వెనక సందులోని ఇంట్లో రేణుక తండ్రికి గడ్డం గీస్తోంది. పోచయ్య కుర్చీలో తల వెనక్కి వాల్చి బుద్ధిగా కూర్చున్నాడు. నలభై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు దించిన మనిషి. కిందటి నెల బాత్‌రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక, కొడుకింట్లో మెట్లెక్కలేడని కూతురే తన అద్దింటికి తెచ్చుకుంది. తోడుగా తల్లి కిష్టమ్మ వచ్చింది.

"నీ చేతులు మందుల వాసన కొడ్తున్నయ్ బిడ్డా" అన్నాడు పోచయ్య.

"ఎంత కడిగినా పోదు బాపూ."

రేణుక నారాయణగూడలోని ప్రభుత్వ ప్రజారోగ్య ప్రయోగశాలలో అనలిస్టు. పాలు, కారం, మంచినీళ్లు, కల్లు, ఏది వచ్చినా అందులో ఏం కలిసిందో తేల్చి సంతకం పెట్టాలి. ఆ ఉద్యోగం కోసం అశోక్‌నగర్ హాస్టల్లో ఒకే గదిలో ఐదుగురు అమ్మాయిలతో సర్దుకుని నాలుగేళ్లు చదివింది.

తలుపు తోసుకుని తమ్ముడు సాగర్ వచ్చాడు. ఊరి చివర రెండేళ్లుగా కల్లు అమ్మే కాంపౌండ్ నడుపుతున్నాడు. కిష్టమ్మ ఇచ్చిన చాయ్ పక్కన పెట్టేశాడు.

"అక్కా, జర పరేషాన్‌ల ఉన్న. బుధవారం ఎక్సైజోళ్లు మా కాంపౌండ్‌ల కల్లు పట్కపోయిన్రు. శాంపిల్ నంబర్ పన్నెండు. మీ ల్యాబ్‌కే వచ్చిందంట."

రేణుక చేతిలో రేజరు ఆగిపోయింది. సీసాల మీద పేర్లుండవు, సీలూ నంబరూ మాత్రమే ఉంటాయి. శుక్రవారం పన్నెండో నంబరు సీసా పరీక్షించింది ఆమే. నిద్రమాత్రల్లో వాడే అల్ప్రజోలం పొడి అందులో ఎంత ఉందంటే, నమ్మలేక రెండోసారి చేసింది. రిపోర్టు మీద సంతకం ఒక్కటే మిగిలింది.

"అయితే?"

"ఏం లేదని రాసెయ్. నీ చేతులున్న పనే గదా."

"ఉన్నదాన్ని లేదని ఎట్ల రాస్తర?"

పోచయ్య నురగ మొహంతోనే ఇటు తిరిగాడు. "ఏమున్నది అందుల?"

"అందరు కలుపుతున్నరు బాపూ" అన్నాడు సాగర్, నేల చూస్తూ. "ఈడ చెట్లేవి? మత్తు లేకుంటే ఒక్కడు తాగడు."

కిష్టమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "తమ్ముడే గదనే! వాన్ని జైలుకు తోలుతవా? నీ చదువు కోసం వాడు బడి బంద్ చేసిండు. మర్చిపోయినవా?"

ఆ మాట రేణుకకు సూటిగా తగిలింది. అయినా చెయ్యి విడిపించుకుంది.

"మర్చిపోలే అవ్వా. వాడు బడి మానింది నేను దొంగ సంతకాలు పెట్టనీకా?"

"అబ్బో, సంతకం!" సాగర్ గొంతు పెంచాడు. "కల్లు పైసలతోటి చదివి, ఇప్పుడు కల్లు మీదికే వస్తున్నవా?"

"బాపు చెట్టెక్కి దించిన కల్లుతోటి చదివిన. నీ పొడితోటి కాదు!"

అంతలోనే ఆమెకు మరొకటి తట్టింది. మాటలు మెల్లగా వచ్చాయి.

"ఆపరేషన్ అయినంక బాపు నాలుగు రోజులు ఎట్లుండె, యాదుందా? గాల్ల చీమలేరుకుంట, మంచం కమ్మి పట్టుకొని చెట్టెక్కుతున్న అనుకుంట... నన్ను గుర్తు పట్టలే. చేతులు కట్టేసిన్రు. ముసలితనం, మత్తుసూది అన్నరు డాక్టర్లు. నేనూ గట్లనే అనుకున్న. రెండేండ్ల సంది రోజు తాగే మత్తు ఒక్కసారి బంద్ అయితే గట్లనే అయితది సాగర్. బాపు తాగింది నీ కల్లే గదా?"

సాగర్ గోడ వైపు జరిగాడు.

"బాపుకు మంచిది వేరే తీసిపెట్టుమని పనోళ్లకు చెప్పిన అక్కా. తీస్తున్నరో లేదో... నేను చూసుకోలే."

"అంటే," పోచయ్య అన్నాడు, "నేను తాగరానిది మంది తాగొచ్చునా?"

సాగర్ గోడకు ఆనుకుని కూలబడి, మొహం దాచుకుని ఏడ్చాడు.

"రేపు పొద్దుగాల ఆఫీసర్‌కు చెప్త, ఆ సీసా మా తమ్మునిదని" అంది రేణుక. "ఇంక నేను ముట్ట. సీల్ తీయని రెండో సీసా ఉంది, వేరేటోళ్లు మొదటి నుంచి చూస్తరు. వాళ్లకు గూడ గదే వస్తది."

"నిన్ను అనుమానిస్తరక్కా."

"అనుమానించనీ."

పోచయ్య వాకర్ అందుకుని లేచాడు. "ముందు దుకాణం బంద్ చెయ్. పా, నేనూ వస్త."

"ఒక్కసారి బంద్ చేస్తే తాగేటోళ్లకు ఫిట్స్ వస్తయ్ బాపూ" అంటూ రేణుక తండ్రి మొహం తుడిచింది. "దవాఖానకు పొమ్మని అందరికి చెప్పాలె. నేనూ వస్త."

ముగ్గురూ ఆటోలో వెళ్లారు. కాంపౌండ్ అరుగు మీద నిలబడి, కల్లులో తను ఏం కలిపాడో సాగర్ తన నోటితోనే చెప్పాడు. జనం బండబూతులు తిట్టారు. ఎవరో ఖాళీ సీసా విసిరారు. అతను అరుగు దిగలేదు. రేణుక ఒక్కొక్కరికీ ఆస్పత్రి పేరు కాగితం మీద రాసిచ్చింది. ఆటోలో కూర్చున్న పోచయ్య, పాత గిరాకీలను పేరు పెట్టి పిలిచి మరీ చెప్పాడు.

మరునాడు రేణుక చెప్పింది విని ఆఫీసరు రెండో సీసాను మరొకరికి అప్పగించాడు. మళ్లీ చేసిన పరీక్షలోనూ అదే తేలింది. కాంపౌండుకు సీల్ పడింది. అరెస్టయిన సాగర్, పొడి అమ్మినవాడి పేరు పోలీసులకు చెప్పాడు. మూడు వారాలకు బెయిలొచ్చింది. అన్నాళ్లూ కిష్టమ్మ కూతురితో మాట్లాడలేదు. అన్నం వండి గిన్నె ముందు పెట్టి వెళ్లిపోయేది.

బెయిలొచ్చిన రోజు సాగర్ తిన్నగా అక్క ఇంటికే వచ్చాడు. కిష్టమ్మ గుమ్మంలోనే ఏడుపందుకుంది. "తోడబుట్టినదే నిన్ను బజార్ల పడేసెగద కొడకా!"

"ఊకో అవ్వా" అన్నాడు సాగర్. "అక్క ఆ దినం నా మాట వింటే, ఇయ్యాల గూడ గదే కల్లు పోస్తుంటి. ఎవ్వరన్న సచ్చేదాక పోస్తుంటి."

ఇన్నాళ్లూ ఎవరి ముందూ తల వంచని రేణుకకు అప్పుడు దుఃఖం ఆగలేదు. కిష్టమ్మ గుమ్మంలోంచి ఇద్దర్నీ చూస్తూ నిలబడింది. కాసేపటికి వచ్చి, కొంగుతో కూతురి కళ్లు తుడిచింది.

"నీ మొండితనం అంత మీ బాపుదే" అంది.