నలభై నిమిషాల డౌన్‌పైపు

"కదిలావో... కాల్చేస్తా!"

పిస్టల్ మొన ఆమె చెవి వెనక గుచ్చుకుంటోంది.

ఆమె పికప్ ట్రక్ బానెట్‌లోకి వంగి ఉంది. ఇంజన్ జోరు పెంచే టర్బో దగ్గర తుప్పు పట్టిన బోల్టు మీద పానా వేసి ఉంది.

"కదలకుండా బోల్టెలా విప్పాలిరా?"

మరిది పిస్టల్‌ని అరంగుళం వెనక్కి జరిపాడు.

పట్టపగలు రెండున్నర. ఆమె మెకానిక్ షెడ్డు షట్టర్ లోపల్నుంచి దించేసి ఉంది. ఊరంతా ఈ బండి కోసమే వెతుకుతోంది. నగల షాపు దోచుకుని, పారిపోతూ డివైడర్ ఎక్కించాడు ఈ మహానుభావుడు. టర్బో నుంచి పొగను కిందికి దించే డౌన్‌పైపు నిలువునా చీలింది. పొగంతా క్యాబిన్‌లోకి! బండి నత్తలా పాకుతూ ఇక్కడిదాకా వచ్చింది.

ఇక్కడ గోడకి కొత్త డౌన్‌పైపు వేలాడుతోంది. కంపెనీది కాదు. అంతకన్నా లావు, అంతకన్నా జోరు. ఇదే మోడల్ బండి కోసం వేరే కస్టమర్ తెప్పించుకున్నది.

"నలభై నిమిషాలు! అది ఎక్కించు. లేకపోతే..."

పిస్టల్ వెనక సీటు వైపు తిరిగింది.

అక్కడ ఆమె భర్త! నోటికి ప్లాస్టర్. చేతులకు తాడు. కళ్ళలో నీళ్ళు.

పానా మీద ఆమె చేయి బిగిసింది.

కిర్ర్... బోల్టు కదిలింది!

"ఇంతసేపా? జరుగు, నేను పీకుతా!"

మరిది పాత పైపును ఉత్త చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మా...!"

ఎగిరి గంతేశాడు. అరచేయి ఎర్రగా కమిలిపోయింది.

"చెప్పొచ్చుగా వదినా!"

"ఇప్పటిదాకా నడిచిన బండి. పొగ గొట్టం చల్లగా ఉంటుందా?"

మూడు నెలలు ఈ షెడ్డులోనే పని నేర్చుకున్నాడు వీడు. నేర్చుకున్నది పానాలు ఎత్తుకుపోవడం ఒక్కటే. ఆమె గ్లవ్స్ సర్దుకుని, వాడి వైపు కూడా చూడకుండా పాత పైపును బయటికి లాగి పడేసింది.

ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలు.

పాత పైపులోని సెన్సార్ విప్పి కొత్త దానికి ఎక్కించింది. పొగ కారకుండా మధ్యలో కొత్త గ్యాస్కెట్ పెట్టింది. పైపును టర్బోకి ఆనించి, క్లాంపును చేత్తోనే తిప్పి వదిలింది.

"ఏయ్! లూజుగా వదిలేస్తున్నావ్! నాతోనే మోసమా?"

"అన్నీ కూర్చున్నాక బిగిస్తార్రా. పైది ముందే బిగిస్తే కింది బోల్టులు అందవు."

"నాకు తెలీదా? బిగించు!"

బిగించింది. కింద పైపుల అంచులు రెండూ వేలెడు దూరంలో ఆగిపోయాయి. బోల్టు దూరదు.

"ఇప్పుడేంటి?" అన్నాడు.

"ఇప్పుడు విప్పాలి."

ఆరు నిమిషాలు గాల్లో కలిశాయి.

దూరంగా సైరన్...! మరిది నుదుటి మీద చెమట. సైరన్ దగ్గరికి వచ్చింది. షట్టర్ ముందునుంచే వెళ్ళిపోయింది.

ఆమె బండి కిందికి దూరింది. బండి ముందు భాగం అప్పటికే జాక్ మీద లేచి ఉంది. జాక్ జారినా బండి పడకుండా రెండు పక్కలా ఇనుప స్టాండ్లు కాపలా ఉన్నాయి. పైపు ఎక్కడా బాడీకి తగలకుండా సరిచేసింది. కింది బోల్టులు, పైన క్లాంపు... ఒక్కోటీ బిగించింది. బయటికొచ్చి స్టాండ్లు తీసి పక్కన పెట్టింది.

"అయిపోయింది. దించుతున్నా. ఆయన్ని వదిలెయ్."

"ఆగు! కింది బోల్టులు నేను చూడాలి. నిన్ను నమ్మితే మధ్యదారిలో గొట్టం ఊడుతుంది!"

పిస్టల్ నడుముకి దోపుకున్నాడు. నోట్లో టార్చి. చేతిలో పానా. బొజ్జ ఈడ్చుకుంటూ బండి కిందికి దూరాడు.

ఆమె నమ్మలేకపోతోంది.

స్టాండ్లు లేవు. ఉత్త జాక్ మీద నిలబడిన బండి! స్టాండు లేనిదే కిందికి దూరకురా అని మూడు నెలలూ రోజుకి పదిసార్లు చెప్పింది. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు!

జాక్ హ్యాండిల్ బంపర్ ముందుకి పొడుచుకొచ్చి ఉంది. ఆమె పట్టుకుంది. ఒక్క మెలిక తిప్పింది.

సర్రున దిగింది బండి!

"వదినా...! చచ్చాను వదినా!"

బండి కింది అడ్డకమ్మీ బొజ్జ మీద కూర్చుంది; అక్కడితో ఆమె మెలిక వెనక్కి తిప్పి ఆపింది. నడుముకున్న పిస్టల్ దాని కిందే ఇరుక్కుంది. పానా వదిలేసి చేతులు చాపాడు. అయినా అందదు!

"పడుకో అక్కడే, వెధవా!"

ఆమె వెనక డోరు దగ్గరికి పరుగెత్తింది. ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. ప్లాస్టర్ లాగింది.

"ఏమండీ! ఇక భయం లేదండీ..."

తాడు పట్టుకుంది.

ఊడి చేతికొచ్చింది.

ముడి లేదు...! ఉత్తినే చుట్టిన తాడు!

భర్త చేయి సీటు కిందికి వెళ్ళింది. ఇంకో పిస్టల్‌తో బయటికొచ్చింది.

"అనవసరంగా తెలివి చూపించావ్," అన్నాడు. బండి దిగాడు. "పైపు బిగించి ఊరుకుంటే సరిపోయేది."

"మీరా...?"

"మరి? వాడికంత బుర్రుందనుకున్నావా?"

ఇరవై ఏళ్ళ కాపురం. ఇతనికి దెబ్బ తగులుతుందనే కదా ఇంతసేపూ ఆ బెదిరింపుకి లొంగింది! ఏడుపు రావాలి. రావడం లేదు. అసహ్యం!

"పద, జాక్ దగ్గరికి." పిస్టల్‌తో ముందుకి తోశాడు. గొంతు తగ్గించాడు. "పూర్తిగా దించెయ్."

"వినపడలేదు. గట్టిగా చెప్పండి."

"దించెయ్!"

"దించితే మీ తమ్ముడు చస్తాడు కదండీ!"

"చావనీ!" ఈసారి అరిచాడు. "అంతా వాడి నెత్తి మీదికే పోతుంది! నన్నెవడు అడుగుతాడు?"

బండి కింద మూలుగు ఆగిపోయింది.

"అన్నయ్యా...?"

అన్నయ్య షట్టర్ సందులోంచి వీధిలోకి చూస్తున్నాడు.

ఆమె హ్యాండిల్ పట్టుకుంది. మెలిక ఇంకాస్త బిగించి, పంపు కొట్టింది. ఒకటి... రెండు... మూడు...

కొడుతున్న కొద్దీ బండి పైకి లేస్తోంది!

"తొందరగా!" అన్నాడు భర్త.

ఇరవై ఏళ్ళు ఈ షెడ్డు తిండే తిన్నాడు. జాక్ ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు దిగుతుందో తెలీదు! గ్రీజు అంటుతుందని ఏనాడూ గడప లోపలికి అడుగు పెట్టలేదు.

అడ్డకమ్మీ కింద నాలుగు వేళ్ళ సందు. చొక్కా రాసుకుంటున్న చప్పుడు.

ఆమె హ్యాండిల్ వదిలింది. బంపర్ మీదికి ఎక్కి నిలబడింది.

"పైకెందుకెక్కావ్?"

బండి కిందినుంచి చూసేవాడికి ఇప్పుడు కనిపించేవి రెండే పాదాలు. తళతళ మెరుస్తున్న బూట్లు.

ఢాం!

భర్త కేక! చీలమండ పట్టుకుని కుప్పకూలాడు. చేతిలోని పిస్టల్ జారి, పనిబల్ల కిందికి దొర్లిపోయింది.

"నన్నే చంపమంటావా అన్నయ్యా!" కిందినుంచి ఏడుపు. పిస్టల్ పట్టుకున్న చేయి బయటికి పాకుతోంది. "వదినా... నువ్వు మంచిదానివి. నన్ను లాగు..."

ఆమె దిగలేదు. బంపర్ మీదినుంచే వంగి హ్యాండిల్ అందుకుంది. నేల మీద గిలగిలా కొట్టుకుంటున్న భర్త కళ్ళలోకి చూసింది.

"కొడితే లేస్తుందండీ," అంది. "దించాలంటే... ఇలా తిప్పాలి."

సర్ర్...!