గాజు కొలనులో వరాలు

వేలాపురి రాజు ధవళసేనుడి సభామండపంలో గదంత గాజు కొలను ఉండేది. ఆఫ్రికా ఖండపు మహా సరస్సు నుంచి ఓడ వర్తకులు తెచ్చిన పసుపు, నీలి, చారల చేపలు అందులో ఈదేవి. వాటిలో సగం ఇస్తానని మాంత్రికుడు గండభేరుడికి మాట ఇచ్చి రాజు తప్పాడు. ఆ మర్నాడే యువరాజు జయంతుడు మాయమయ్యాడు. కొలనులో నీలి చేప ఒకటి ఎక్కువైంది. నలభై నీలి చేపల్లో కొడుకెవరో తెలియక మహారాణి గాజు పక్కనే కూలబడింది.

ఆ చేపలు బతకాలంటే నీటిలో సున్నపురాయి ఉండాలి. వారం వారం రాళ్లు తెచ్చే సున్నపు బట్టీ గవరయ్య వెంట అతని కూతురు వరాలు వచ్చేది. రాణి దుఃఖం చూడలేక ఆమె రెండు అడవులు దాటి మాంత్రికుడి గుహకు వెళ్లింది.

"ఇచ్చిన శాపం నేనూ వెనక్కి తీసుకోలేను," అన్నాడు గండభేరుడు. "ఈ ముత్యం నోట పెట్టుకుని కొలనులో దిగితే చేపవవుతావు. దీన్ని యువరాజుకు తాకిస్తే ఇద్దరూ మనుషులవుతారు. వేరే చేపకు తాకినా, నోటి నుంచి జారినా ఇద్దరూ అక్కడే."

"మరి తిండి?"

"నోరు తెరవకుండా ఎలా తింటావు?"

సంగతి విని గవరయ్య కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "వద్దమ్మా. నాకున్నది నువ్వొక్కతెవే."

"రాణిగారికీ ఒక్కడే కదా నాన్నా," అని వరాలు ముత్యం నోట పెట్టుకుని నీటిలోకి దిగింది.

లోపల ప్రతి రాతి సందుకూ ఒక యజమాని ఉన్నాడు. ఎటు వెళ్లినా తరిమారు, తోక కొరికారు. నాలుగు వైపులా గాజే. అవతల మనుషుల పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినిపించదు. మేత పడినప్పుడల్లా అందరూ ఎగబడితే వరాలు కళ్లు మూసుకునేది.

మేతకు రాని చేప మరొకటుంది. గొంతు ఉబ్బిన ఆ పసుపు తల్లి తన సందులో వరాలుకు చోటిచ్చింది. మూడో రోజు అది నోరు తెరవగానే చిన్న చిన్న పిల్లలు బయటికి ఈదాయి.

"ఇరవై రోజులు వీళ్లను తిండి లేకుండా నోట్లోనే మోశాను తల్లీ," అంది అది నీరసంగా. "నీ నోట ఏముందో గానీ, వదలకు."

అంతలో గాజు అవతల తండ్రి కనిపించాడు. వరాలు ఒళ్లు మరిచి దూసుకెళ్లింది. ముక్కు గాజుకు తగిలి దిమ్మెరపోయింది. ముత్యం జారబోతే పళ్లతో బిగపట్టింది. పక్కనే మరో దెబ్బ వినిపించింది. ఒక నీలి చేప రాణి ముఖానికేసి మళ్లీ మళ్లీ తల కొట్టుకుంటోంది. అక్కడి చేపలన్నిటికీ గాజు సంగతి తెలుసు. గాజునే మరిచిపోయేంతగా తనవాళ్లు అవతల ఉన్నది ఈ ఒక్కదానికే.

వరాలు ముత్యాన్ని దాని నుదుటికి ఆనించింది. మరుక్షణం ఇద్దరు మనుషులు గుండెలోతు నీటిలో నిలబడ్డారు. "అమ్మా," అన్నాడు జయంతుడు. ఆ మాట రాణికి వినిపించింది.

రాజు సగం చేపలను కుండల్లో పెట్టించి, తానే నడిచి వెళ్లి మాంత్రికుడికి ఇచ్చి తప్పు ఒప్పుకున్నాడు. మిగిలిన వాటికి తోటలో సున్నపురాతి చెరువు తవ్వించాడు. ఏడాది తిరిగాక వరాలుకూ జయంతుడికీ పెళ్లయింది. ఆ రోజు మండపం తలుపులు మూయబోయిన భటుణ్ణి, నాలుగు గాజు గోడల మధ్య బతికి వచ్చిన ఇద్దరూ ఒక్కసారే వారించారు. వేలాపురి కోటలో ఆ తలుపులు ఆ తరువాత ఎన్నడూ మూయలేదు.