పన్నెండు మొక్కల మాట

శశికళ చేసిన పని ఏ రైతింట్లో చేసినా మెచ్చుకుని చెంబుడు మజ్జిగ పోసేవాళ్లు. పరిశోధన పొలంలో చేసింది కాబట్టి మాట పడింది.

తొంభై ఎనిమిది జనవరి మాట ఇది. యలహంక దాటాక ఉన్న ఆ పొలానికి విత్తనం పడ్డప్పటి నుంచీ నీళ్లు కట్టడానికి, కలుపు తీయడానికి పాపక్క ముఠా వెళ్లేది. పదిమంది ఆడవాళ్లు, అందరూ మడకశిర వైపు నుంచో పావగడ వైపు నుంచో బెంగుళూరు చేరినవాళ్లే. శశికళ అందరిలోకీ చిన్నది. టెన్త్ పాసైంది, ఇరవై నిండాయి. నాన్న కదిరప్ప గోడలు కట్టే మేస్త్రీ.

ఆ రోజు గోధుమ మడిలో కొన్ని మొక్కలకు ఆకుల నిండా ఎర్రటి పొడి కనిపించింది, ఎవరో పిడికెడు కుంకుమ చల్లిపోయినట్టు. తాకితే వేలికి అంటుకుంటోంది. సొంత ఊళ్లో రాగి చేలో జబ్బు మొక్క కనబడితే వాళ్ల అవ్వ ఏం చేసేది? పక్క మొక్కకు అంటకుండా వేళ్లతో సహా పీకేసేది. చూసీ వదిలేసిన చేయి చేయే కాదనేది. మరి అవ్వ దగ్గర పని నేర్చిన పిల్ల ఊరుకుంటుందా? ఒక్కొక్కటీ పీకింది. పీకినచోట మట్టిని మడమతో అదిమింది. పీకినవన్నీ తెచ్చి కంచె అవతల మేస్తున్న పాపక్క ఆవు ముందు పడేసింది.

మధ్యాహ్నం సైకిల్ మీద ఒక కుర్రాడు వచ్చాడు. పేరు తిప్పేస్వామి. రాయదుర్గం వాడు, ఇక్కడ గోధుమల మీద పెద్ద చదువు చదువుతున్నాడు. సన్నగా, పొడుగ్గా, ముక్కు మీద జారే కళ్లద్దాలతో ఉంటాడు. మడిని చూడగానే సైకిల్ వదిలేశాడు. అది పోయి కాలవలో పడింది.

“ఎవరు? ఎవరు పీకింది?”

శశికళ చెంగు దోపుకుని ముందుకొచ్చింది. “నేనే సార్! జబ్బు మొక్కలన్నీ తీసేసినా. ఇంక మీకేం భయం లేదు.”

“జబ్బు మొక్కలే కావాలమ్మా నాకు!”

శశికళ పాపక్క వైపు చూసింది. పాపక్క కణత దగ్గర వేలు తిప్పి, పాపం అన్నట్టు తలూపింది.

“పీకినవి ఏవి? ఎక్కడ పెట్టావు?”

“ఆవు తినేసింది సార్.”

“నా థీసిస్‌ని ఆవు తినేసిందా!”

ముఠా అంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకుంది. తిప్పేస్వామి గట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి ఆ పిల్ల మొహంలో దిగులు చూసి, కాస్త తగ్గి, సంగతి చెప్పాడు. ఈ కుంకుమ తెగులును తెచ్చి చల్లింది తానే. ఒకటి తెగులు సోకని గోధుమ, ఇంకొకటి సోకే గోధుమ. రెండింటినీ కలిపి విత్తనం కట్టాడు. వాటి బిడ్డల బిడ్డలే ఈ మడిలోని మొక్కలు.

“అంటే ఇవి మనవళ్లా సార్?”

“మనవళ్లే. తాత బలం ఎంతమందికి వచ్చింది, ఎంతమందికి రాలేదు, అదే నాకు కావలసిన లెక్క. ఆ బలం ఒక్క గుణంలో, అంటే ఒక్క జీన్‌లో ఉంటే, ముగ్గురు బాగుంటే ఒకరు జబ్బు పడతారు. త్రీ ఈజ్ టు వన్.”

“అంతేనా? లెక్క నేను చెప్తా రాసుకోండి. నేను పీకింది పన్నెండు.”

తిప్పేస్వామి మడిలోకి దిగాడు. విత్తిననాడు జానెడుకొకటి చొప్పున రెండువందల నలభై గింజలు వేయించాడు. నిలిచినవి నూట ఎనభై ఒకటి. ఖాళీలు యాభైతొమ్మిది. అతని మొహం విప్పారింది. “త్రీ ఈజ్ టు వన్! అచ్చంగా అనుకున్నట్టే ఉంది. నువ్వు యాభైతొమ్మిది పీకావు.”

“పన్నెండు సార్. తక్కిన చోట్ల మొలకే రాలేదు, గింజల్ని చీమలు ఎత్తుకపోయినాయి. రోజూ నీళ్లు కట్టింది నేనే కదా. మొలకలొచ్చిన వారం మీరు యాడుండారు?”

ఆ వారం అతను రాయదుర్గంలో అక్క పెళ్లిలో వడ్డనలు చేస్తున్నాడు. మొలకలు లెక్కపెట్టాల్సిన వారం అది. అతని చెవులు ఎర్రబడ్డాయి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. గొంతు మెత్తగా చేసుకుని, అందరి ముందే, “చూడమ్మా, భయపడి తగ్గించి చెప్పకు. నేనెవరికీ కంప్లయింట్ చేయను. యాభైతొమ్మిదని ఒప్పుకో, చాలు” అన్నాడు.

తిట్టినా ఆమెకు అంత నొప్పి తగిలేది కాదు. జాలిపడి అబద్ధాలకోరును చేశాడు.

“చేయని తప్పు ఒప్పుకుంటేనే పని నిలుస్తుందంటే, ఆ పని నాకొద్దు సార్” అని తట్ట తీసుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పాపక్కతో చెప్పుకుని పూలతోటకు మారింది.

ఆ తర్వాత జరిగింది పాపక్క వచ్చి చెప్పింది. అతనికి చదువు చెప్పే పద్మావతి మేడమ్ కాగితం చూసి పక్కన పెట్టేసిందట. “మడిలో లేని మొక్క లెక్కలోనూ ఉండదు. ఆ అమ్మాయి పన్నెండూ వద్దు, నీ యాభైతొమ్మిదీ వద్దు. విత్తనం మిగిలుంది కదా, నవంబరులో మళ్లీ వేయి” అందట.

“ఏడాది చదువు నీళ్లపాలాయె పాపం, బక్కోడు ఇంకా బక్కగైనాడు” అంది పాపక్క.

“కానీలే” అంది శశికళ. ఆ పూట మాత్రం ఆమెకు ముద్ద దిగలేదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం యలహంక బస్టాపులో వాన దంచి కొట్టింది. బస్టాపుకు కప్పు ఉందన్న మాటే గానీ, వాన లోపలే ఎక్కువ కురుస్తోంది. చెంగు తల మీద కప్పుకుని నిలబడిన శశికళ పక్కకు ఒక నల్ల గొడుగు వచ్చింది.

“శశికళగారూ, గొడుగులోకి రండి.”

‘గారూ’ విని ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది. “మీ గొడుగులో ఎందరుండారో మీకు తెలుస్తుందా సార్? ఇద్దరుంటే పదిమందని రాసుకుంటారు.”

తిప్పేస్వామి గొడుగు ఆమె చేతిలో పెట్టి తాను వానలోకి జరిగాడు. కళ్లద్దాల మీంచి ధారలు కారుతున్నాయి. “ఆ మాట నాకు పడాల్సిందే. నవంబరులో మళ్లీ వేస్తున్నాను. మొలకలు లెక్కపెట్టడానికి మీరు రావాలి.”

“నా లెక్కతో మీకేం పని?”

“పోయినసారి నేను చూడనిది మీరు చూశారు. అందుకు.”

“అంటే ఇప్పుడు నమ్మినారా, పన్నెండే అని?”

అతను కళ్లద్దాలు తీసి తడి చొక్కాకే తుడుచుకున్నాడు. అటు బస్సు వస్తోంది. అవునంటే సరిపోయే మాట. ఎవరడగొచ్చారు?

“నమ్మాలనే ఉంది. కానీ ఇంకా తెలీదు” అన్నాడు.

శశికళకు ఒళ్లు మండింది. గొడుగు అతని చేతిలో కుక్కి బస్సెక్కింది. కిటికీ దగ్గర కూర్చున్నాక గానీ ఇంకొకటి తట్టలేదు. ఆడపిల్లను బుజ్జగించడానికైనా ఆ మనిషి నోట అబద్ధం రాలేదు. ఇలాంటివాడు ఎప్పుడో ఒకరోజు నమ్మితే, ఆ నమ్మకం చెక్కు చెదరదు. ఇల్లు చేరేదాకా వాన తగ్గలేదు, ఆ ఆలోచనా తగ్గలేదు.

నవంబరులో వెళ్లింది. ఒక షరతు పెట్టింది: పుస్తకాలు రెండుండాలి, ఎవరి లెక్క వాళ్లే రాసుకోవాలి, తర్వాతే కలిపి చూడాలి.

“నా మీద అంత అనుమానమా?” అన్నాడు.

“మీ దగ్గర నేర్చిందే సార్.”

రోజూ పొద్దున మంచు ఆరకముందే ఇద్దరూ చెరో కొస నుంచి బయలుదేరి మడి మధ్యలో కలిసేవాళ్లు. మొలకలేని చోట పుల్ల గుచ్చేవాళ్లు. రెండువందల నలభైలో రెండువందల ముప్ఫై ఒకటి మొలిచాయి. రెండు పుస్తకాల్లోనూ అదే అంకె. కలుపు తీస్తున్న పాపక్క, “లెక్కలు కుదిరినాయి, ఇంక జాతకాలు చూపిచ్చేదే బాకీ” అని పైకే అంది. శశికళ మట్టిగడ్డ తీసి విసిరింది. తిప్పేస్వామికి ఆ రోజంతా ఏ అంకె రాసినా కొట్టివేతే.

లెక్క ముగిసినా ఏదో ఒక పని మిగిలేది. ఒకరోజు పుల్లలు సరిచూడాలనేవాడు. ఇంకోరోజు ఆమే, “ఆ మూల సాలు వాడిపోతాండాది, చూసినారా?” అని పిలిచేది. సాలు నవనవలాడుతూ ఉండేది.

సంక్రాంతి వెళ్లాక ఆకుల మీద కుంకుమ తేలింది. లెక్క తేల్చే రోజు వచ్చింది. ఒక్క గుణమే అయితే యాభై ఏడో, యాభై ఎనిమిదో జబ్బు పడాలి. తిప్పేస్వామి ఒక్కో ఆకూ తిప్పి చూస్తూ ముందు నడిచాడు. శశికళ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని వెంట నడిచింది. జబ్బు మొక్క కనిపిస్తే ఆ చేతులు ఎక్కడ ఊరుకోవోనని ఆమె భయం.

మడి కొసకు వచ్చేసరికి పద్నాలుగు. వెనక్కి నడుస్తూ మళ్లీ లెక్కపెట్టాడు. పద్నాలుగే.

“తప్పు పోయిందా సార్?” ఆమెకు దిగులు పట్టుకుంది. ఇంకో ఏడాది పోతుందేమోనని.

“తప్పు పోలేదు, నేనే తప్పు. తాతకు బలం ఒక్క గుణంలో ఉందనుకున్నా. రెండిట్లో ఉంది. ఏ ఒక్కటి వచ్చినా మొక్క గట్టిగా ఉంటుంది. రెండూ రానిదానికే జబ్బు. పదహారింట ఒక్కటి.”

“రెండు గడియల తలుపు మాదిరి. ఒకటి తీసినా ఇంకోటి పట్టుకునుంటాది.”

“అదే! ఇన్ని పుస్తకాల్లో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు” అంటూనే అతను పుల్ల తీసుకుని మట్టిలో పోయినేటి లెక్క వేశాడు. నిలిచినవి నూట ఎనభై ఒకటి. పదిహేనింటికి ఒకటి చొప్పున వాటికి తగ్గ జబ్బు మొక్కలు ఎన్ని? పుల్ల ఆగిపోయింది. అతను తలెత్తలేదు.

“పన్నెండు” అన్నాడు.

“అది నాకు పోయినేడే తెలుసు సార్.”

అతను గట్టెక్కి ముఠా అంతటినీ కేకేశాడు. కలుపు తీసే తొలికలు పట్టుకుని తక్కిన తొమ్మిదిమందీ వచ్చి నిలబడ్డారు. “పోయినేడు ఇక్కడే, మీ అందరి ముందూ ఈమె మాట అబద్ధమన్నాను. ఈమె చెప్పిందే నిజం. పన్నెండే. థీసిస్‌లో ఈమె పేరు రాస్తాను. నా తప్పు మీ ముందే ఒప్పుకుంటున్నాను.”

శశికళ కళ్లు తుడుచుకోబోయింది. వేలికంటిన తెగులు పొడి చెంపకు అంటింది. అతను జేబురుమాలు చాచి, అందరి చూపులూ పడి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “ఇయ్యప్పా, ఇయ్యి! మేము కళ్లు మూసుకుంటాం” అంది పాపక్క. ఒక్కరూ మూయలేదు.

ఆదివారం తిప్పేస్వామి ఉతికిన చొక్కా వేసుకుని కదిరప్ప ఇంటికి వచ్చాడు. పాపక్క అతనికంటే ముందే వచ్చి గడపలో కూర్చుంది. కదిరప్ప మంచం మీద చోటు చూపించి, అంతా విన్నాడు.

“మీ ఇంట్లో ఏమన్నారప్పా?”

“అమ్మకు ఫోన్ చేసినా. గోధుమల సంగతి చాలు, పిల్ల సంగతి చెప్పమనింది. చెప్పినా. తొందరగా మాట్లాడుకో, పిల్ల మనసు మార్చుకుంటాదేమో అనింది.”

కదిరప్ప మీసం కింద నవ్వు దాచుకున్నాడు. “అంతా బాగుంది. నాదొక్కటే సందేహం. మా పాప ఒక మాట చెప్తే నమ్మడానికి నీకు ఒక పంట పట్టింది. పెళ్లయినాక మాటకో పంట వేస్తానంటే మాకాడ అంత భూమి లేదప్పా.”

“లేదు మామా. ఇంక ఆమె ఏం చెప్పినా అదే లెక్క. మళ్లీ సరిచూసేది లేదు.”

మామా అన్న సంగతి అతనికి తెలియలేదు. తక్కినవాళ్లందరికీ తెలిసింది.

“అట్లనా? అయితే అడుగుదాం. ఏమ్మా శశీ, ఈ అబ్బాయి నీకు ఇష్టమేనా?”

వంటింట్లోంచి గాజుల చప్పుడయింది. తర్వాత గొంతు వచ్చింది. “నాకిష్టం లేదు నాయనా.”

తిప్పేస్వామి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఒక్క మాట ఎదురడగలేదు. లేచి కదిరప్పకు దండం పెట్టాడు, గడప దాటాడు, వంగి చెప్పులు వేసుకోసాగాడు. పాపక్క తల పట్టుకుంది. “ఓరి దేవుడా! నమ్మనప్పుడూ తంటానే, నమ్మినప్పుడూ తంటానే ఈయనతో!”

శశికళ పిండి చేతులతోనే బయటికి పరుగెత్తింది.

“ఏయ్ సారూ! యాడికి?”

“మీరే కదా ఇష్టం లేదన్నారు…”

“అంటే? అంతే నమ్మేస్తారా?”

అతను ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో పట్టుకుని అయోమయంగా నిలబడ్డాడు. ఆ నిలబడ్డ తీరు చూసి ఆమెకు నవ్వు ఆగలేదు.

“నిజం చెప్తాండా, వినండి. ఇష్టమే” అంది. “ఇది నమ్మండి.”

నమ్మాడు.